ఉప్పునీళ్ళు వాడకు, తియ్యనీళ్ళు ఎవరికి?

హిందూపురంలో, పెనుకొండలో, ధర్మవరంలో కొళాయి నీళ్ళ సంగతి ఎత్తితే పెద్దమనుషులంతా ఒకే పాట పాడతారు. "ఇది కరువు సీమ, రాతి నేల, ఇక్కడి నీళ్ళు ఇంతే, ఏం చేస్తాం" అంటారు. రాయి నిజమే. కరువూ నిజమే. మేమూ ఇక్కడే పుట్టి ఇక్కడి నీళ్ళే తాగి పెరిగినోళ్ళం, మాకు తెలియంది కాదు. కానీ రాతిలోంచి వచ్చే ఉప్పునీళ్ళు ఎవరి బిందెలోకి రావాల, ఏటినీళ్ళు చెరువునీళ్ళు ఎవరి తొట్టిలోకి పోవాల అన్నది రాయి నిర్ణయించలేదు. దాన్ని కులం నిర్ణయించింది. ఇప్పుడు కులమూ డబ్బూ పొత్తు కలిసి నిర్ణయిస్తున్నాయి.

ముందు నీళ్ళ గురించి కాస్త పాఠం తప్పదు. మేము బడిలో చెప్పుకు బతికేవాళ్ళం, ఓర్చుకోండి. వాన చుక్క పడేటప్పుడు మెత్తటి నీళ్ళే. మన నేల కింద ఉన్నదంతా గ్రానైటు జాతి గట్టిరాయి. ఆ రాతి పగుళ్ళలోకి ఇంకిన నీళ్ళు ఏళ్ళ తరబడి అక్కడే నిలబడి సున్నపు జాతి కాల్షియాన్నీ, మెగ్నీషియాన్నీ కరిగించుకుంటాయి. పుస్తకంలో దీన్నే కఠినజలం అంటారు, మన అమ్మలు ఉప్పునీళ్ళంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే ప్రాంతం మనది. చెరువులు పూడిపోయాయి, బావులు ఎండాయి. 200 అడుగుల బోరు ఎండితే 600, అదీ ఎండితే వెయ్యి అడుగులు. లోతుకు పోయేకొద్దీ రాతిలో ఎక్కువకాలం నానిన నీళ్ళు వస్తాయి, ఉప్పూ ఎక్కువే ఉంటుంది.

తాగేనీళ్ళకు దేశం పెట్టుకున్న ప్రమాణం ఒకటుంది. దాని పేరు ఐ.ఎస్. 10500, 2012లో సవరించారు. లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా కాఠిన్యం ఉంటే మంచి నీళ్ళని అది చెప్తుంది. వేరే నీటి వసతి లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు అని కూడా చెప్తుంది. ఈ 'వేరే వసతి లేకపోతే' అన్న ముక్క దగ్గరే మేము ఆగి మాట్లాడదలిచాం. వసతి లేనిది ఎవరికి? ఒకే ఊరు, ఒకే నేల, ఒకే రాయి. ఊరి నడిబొడ్డున తియ్యనీళ్ళ బావి ఎవరి ఇళ్ళ మధ్య ఉంది? చెరువు దిగువన ఊట బాగుండే తోటలు ఎవరివి? చవిటి నేలలో, పల్లంలో, ఊరి మురుగు వచ్చి చేరే దిక్కున గుడిసెలు ఎవరివి? సర్కారు ఇచ్చిన కాలనీ స్థలాలు మాత్రం ఎక్కడున్నాయి? పంట పండదని వదిలేసిన భూమే కాలనీకి ఇచ్చారు. పంట పండని చవిటిలో బోరు వేస్తే చవిటి నీళ్ళే కదా పడేది! ఆమాత్రం ఇంజనీరు చదవకపోయినా తెలుస్తుంది. అందుకే మేము దీన్ని భూగర్భ సమస్య అనడంలేదు. ముందు కులం ఇచ్చిన స్థలం, ఆ తర్వాతే దాని కింది రాయి.

ఉప్పునీళ్ళు ఇంట్లోకి వస్తే ఏం జరుగుతుందో లెక్క కట్టి చూపిస్తాం. సబ్బు కాల్షియంతో కలిస్తే నురుగు రాదు, తెల్లటి జిగట తెట్టె కడుతుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీళ్ళు తీసుకోండి. పదో తరగతి రసాయన శాస్త్రంతోనే ఈ లెక్క తేలుతుంది. ఆ నీళ్ళు లీటరుకు 3 గ్రాముల సబ్బును నురుగు అన్నది పుట్టకముందే మింగేస్తాయి. 15 లీటర్ల బక్కెట్టులో సబ్బు కలిపి బట్టలు నానబెడితే 45 గ్రాములు, అంటే చిన్న సబ్బు బిళ్ళలో సగం, వృథా. మురికి పోయేది ఆ తర్వాత వేసిన సబ్బుతో. అదే రెడ్డిగారింట్లో తియ్యనీళ్ళ తొట్టిలో బట్టలుతికితే ఈ 45 గ్రాములు మిగులుతాయి. అంటే పేదోడు ఒకే చొక్కాకు రెండుసార్లు సబ్బు కొంటున్నాడు. ఈ సుంకాన్ని ఏ మునిసిపాలిటీ రసీదులోనూ రాయరు.

పొడి సబ్బులు కొంత నయం, వాటిలో సోడా కలిసుంటుంది కాబట్టి. మన రజక అన్నలు తాతల కాలం నుంచి చవిటి మన్ను వేసి బట్టలు ఉడకబెట్టింది ఈ శాస్త్రంతోనే. చవుడులో ఉండే సోడా కాల్షియాన్ని అడుక్కి దించుతుంది. కుంకుడుకాయ ఉప్పునీళ్ళలో కూడా నురుగిస్తుంది, అది సబ్బు జాతి కాదు గనక. ఇంత తెలివి ఉన్నోళ్ళను 'చదువు రాని జనం' అని రాసుకున్నారు చదువుకున్నోళ్ళు! ఇప్పుడు కుంకుడుకాయ కూడా కిలోల లెక్కన కొనాల్సిందే, చెట్టున్న తోట మనది కాదు.

ఇక్కడే మా గుండె మండే సంగతి ఒకటుంది. వాడ నుంచి వచ్చే పిల్లల తెల్లచొక్కా నాలుగు ఉతుకులకే పాచిరంగు తిరుగుతుంది. తల జిడ్డుగా అట్టకడుతుంది. ఒళ్ళు పొడిబారి తెల్లటి గీతలు పడుతుంది. అది సున్నపు తెట్టె. ఆ పిల్లను చూసి బడిలో కొందరు పంతుళ్ళు ఏమంటారు? "వీళ్ళకు ఎంత చెప్పినా శుభ్రం రాదు." ఈ మాట మా చిన్నప్పుడు మేము విన్నాం, మా ఇళ్ళల్లో తొలిసారి బి.ఏ., బి.ఇడి. చదివి ఇప్పుడు స్టాఫురూములో కూర్చొని కూడా వింటున్నాం. మాకు తియ్యనీళ్ళు దక్కకుండా చేసి, దక్కనందుకు మమ్మల్నే మురికోళ్ళంటారు. అంటరానితనానికి వేల ఏళ్ళుగా చూపించిన సాకు ఇదే కదా. మడి కట్టుకోవాలన్నా నీళ్ళు కావాలి. నీళ్ళు తమ దగ్గర పెట్టుకున్నోడు మడిగల్లోడయ్యాడు, నీళ్ళు లేనోడు మైలయ్యాడు. ఆ పిల్ల తల్లి రెండు కిలోమీటర్ల దూరం పోయి తెచ్చిన బిందె నీళ్ళతో ఆ చొక్కా ఉతికిందని, ఆ ఉతుకుడుకు తియ్యనీళ్ళవాళ్ళకంటే రెండింతలు సబ్బు, మూడింతలు రెక్కల కష్టం పెట్టిందని ఆ పంతులుకు తెలుసా? ఆయనకు బోర్డు మీద కఠినజలం పాఠం చెప్పడం తెలుసు. ఎదుట బెంచీలో కూర్చున్న పిల్ల చొక్కా మీద అదే పాఠం కనిపిస్తున్నా చూడడు.

వంటింటి సంగతి అక్కలకు చెప్పేదేముంది. కందిపప్పు గంటసేపు ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది. గింజలోని జిగురు పదార్థాన్ని కాల్షియం బిగించేస్తుంది, అందుకే మెత్తబడదు. అలసందలు, సెనగలు మరీ మొండికేస్తాయి. కట్టెలు రెట్టింపు కాలతాయి, గ్యాసయితే బుడ్డి పదిరోజులు ముందే అయిపోతుంది. చిటికెడు వంటసోడా వేస్తే పప్పు మెత్తబడుతుంది గానీ పప్పులో ఉండే బి విటమిన్ నాశనమవుతుంది. పప్పు తప్ప వేరే మాంసకృత్తులు రోజూ దొరకని ఇంట్లో ఇది చిన్న నష్టం కాదు. సంగటి కుండకు, టీ గిన్నెకు అడుగున తెల్లటి చెక్కు కడుతుంది, ఆ చెక్కును దాటుకొని మంట లోపలికి పోవాలి. వాన పడిన రోజు అక్కలు గిన్నెలన్నీ చూరు కింద పెట్టి ఆ నీళ్ళను పప్పుకే దాచుకుంటారు, చూశారా? ఏ అధికారీ నేర్పని నీటి పొదుపు అది.

ఒక వార్డులో అక్కలు కూడి కొళాయి నీళ్ళ గురించి అడిగితే నీళ్ళ ఆఫీసు మనిషి ఒకాయన "మరిగించి తాగండమ్మా" అన్నాడు. మరిగిస్తే కొంత కాఠిన్యం నిజంగానే తెల్లపొడిగా అడుక్కి దిగుతుంది, దాన్ని తాత్కాలిక కాఠిన్యం అంటారు. క్లోరైడ్లు, సల్ఫేట్ల రూపంలో ఉన్నది మరిగినా పోదు. అయినా మరిగించడానికి కట్టెలు ఎవరిస్తారు సామీ? కూలికి పోయి వచ్చి, బారులో నిలబడి నీళ్ళు పట్టి, వాటిని మరిగించి, చల్లార్చి, వడగట్టి పిల్లలకు తాపాలంటే మా అక్కలకు రోజుకు ఎన్ని గంటలు కావాలి? ఈ సలహా చెప్పినాయన ఇంట్లో క్యాను నీళ్ళు తాగుతాడు.

* * *

నీళ్ళ మీద కులం పెత్తనం కొత్తది కాదు. 1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ చెరువులు, బావులు అంటరానివారికీ తెరవాలని తీర్మానించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ కూడా చవదార్ చెరువు తెరుస్తున్నట్టు తీర్మానం రాసుకుంది. కాగితం కాగితంగానే ఉండింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో నడిచిపోయి ఆ చెరువులో దోసిలి ముంచి తాగారు. ఆ తర్వాత అగ్రవర్ణాల వాళ్ళు ఆవుపేడ, మూత్రం కలిపిన 108 కుండలు పోసి చెరువును 'శుద్ధి' చేశారు. కేసు 1937 దాకా బొంబాయి హైకోర్టులో నడిచి అంటరానివారి పక్షాన తేలింది. ఒక దోసెడు నీళ్ళకు పదేళ్ళు! మన దగ్గర 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను నరికి చంపిన మారణకాండకు ముందు జరిగిందేమిటి? మాదిగలు తాగే చెరువు నీళ్ళను భూస్వామి కుర్రాళ్ళు పాడుచేస్తుంటే అదేమని అడగడమే. మున్నంగి సువార్త చేతిలో ఉన్నది నీళ్ళ బిందె.

మన సీమలో ఇంకో చిత్రం. కపిల బావుల కాలంలో ఎద్దులు లాగే బానకు తోలు తొండం కుట్టింది మాదిగ. ఆ తోలు మీదుగా వచ్చిన నీళ్ళు పొలానికి పారాయి, తోటకు పారాయి, దేవుడి పూలచెట్లకూ పారాయి, ఏ మైలా అంటలేదు. అదే మాదిగ తన కుండ ముంచితే బావి మైలపడింది!

పెనుకొండ సంగతికొద్దాం. 1388లో విజయనగర రాజకుమారుడు ప్రతాప బుక్కరాయలు పెన్న నీళ్ళను పెనుకొండకు తేవాలని ఉత్తర్వు ఇచ్చాడు. సింగయభట్టు అనే జలసూత్రజ్ఞుడు సిరువెర చెరువు దాకా కాలువ తవ్వించాడు. ఈ సంగతి గౌరిబిదనూరు తాలూకా కల్లూడి దగ్గరి శాసనంలో ఉంది. రాజు పేరు కాలువకు పెట్టారు, ఇంజనీరు పేరు రాతిలో నిలిచింది. తట్ట మోసి కాలువ తవ్విన మా తాతల పేరు లేదు. అది సరే, చరిత్ర రాసేవాళ్ళకు తట్టలు కనిపించవు. మేము చెప్పదలిచింది వేరే. ఆరువందల ఏళ్ళ కిందట, యంత్రం లేదు, కరెంటు లేదు, సిమెంటు లేదు. అయినా పాలకుడు తలుచుకుంటే ఏటినీళ్ళు పెనుకొండకు తేవాలన్న ఆలోచన ఉండింది. కాబట్టి రాతి నేల గనక ఇంతే అని ఇవాళ చెప్పేవాడు అబద్ధమాడుతున్నాడు.

ఇవాళ కూడా తలుచుకున్న చోటికి నీళ్ళు వస్తూనే ఉన్నాయి. శ్రీశైలం వెనుకజలాల నుంచి మాల్యాల దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్ళు హంద్రీ-నీవా కాలువ మీదుగా 2016 డిసెంబరులో పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరుకు చేరాయి. 2017లో ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందం కుదిరింది, 2019లో కార్లు బయటికొచ్చాయి. గొల్లపల్లి నుంచి ఫ్యాక్టరీకి నీళ్ళ పైపు కూడా ఆ లోపలే పడింది. ఫ్యాక్టరీ వద్దని మేము అనడంలేదు, మా పిల్లలకు అక్కడ పని దొరకాలనే అడుగుతున్నాం. కానీ రెండేళ్ళలో పైపు వేయగల సర్కారు, డెబ్భై ఏళ్ళలో మాదిగవాడ దాకా పైపు ఎందుకు వేయలేకపోయింది? ఆ తర్వాత గొల్లపల్లి నుంచి హిందూపురానికీ లైను వచ్చింది. రావాల్సిందే. కానీ పట్నంలో ఏ వీధికి ఏ నీళ్ళు, ఎన్ని రోజులకోసారి? రిజర్వాయరు నీళ్ళు తగ్గినప్పుడు ముందు బోరు నీళ్ళకు మారేది ఏ వార్డు? 2011 లెక్కల నాటికే లక్షన్నర జనం ఉన్న ఊరు హిందూపురం. ముఖ్యమంత్రిగా పనిచేసిన ఎన్టీ రామారావు గారు 1985 నుంచి మూడుసార్లు గెలిచిన స్థానం. ఆయన కొడుకు బాలకృష్ణ గారు 2014 నుంచి మూడుసార్లు గెలిచారు. ఇంతటి పేరున్న స్థానంలో ఆడోళ్ళు ఖాళీ బిందెలతో రోడ్డెక్కని ఎండాకాలం ఏది? పీఏబీఆర్ నుంచి వచ్చే శ్రీరామరెడ్డి పథకంలో కార్మికులు తమ బకాయి జీతాల కోసం సమ్మెకు దిగితే నీళ్ళు ఆగుతాయి. మళ్ళీ అక్కడా పస్తులుండేది మనోళ్ళే, దాహంతో ఉండేదీ మనోళ్ళే.

సత్యసాయి ట్రస్టు 1994లో ప్రకటించి, 1995, 96 ప్రాంతంలో అనంతపురం జిల్లాలో ఏడువందల పైగా ఊళ్ళకు తాగునీళ్ళ పథకం కట్టించింది. ఆ నీళ్ళు మా వాళ్ళు తాగారు, ఆ మాట దాచం. కానీ దాన్ని చూపించి సర్కారు చేతులు దులుపుకుంటే ఒప్పుకోం. దానంగా వచ్చిన నీళ్ళు ఆగితే దాతకు దణ్ణం పెట్టి అడగాలి. హక్కుగా వచ్చే నీళ్ళు ఆగితే ఆఫీసరును నిలదీయొచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాను చీల్చి కొత్త పేరు పెట్టారు, బోర్డులు మారాయి. కొళాయిలో నీళ్ళు మాత్రం పాతవే!

* * *

సర్కారు తప్పుకున్న చోట వ్యాపారి వచ్చి కూర్చున్నాడు. ప్రతి వీధి మలుపులో 'మినరల్ వాటర్' ప్లాంటు. మనలో చాలామంది మునిసిపాలిటీ నీళ్ళను పాత్రలకు, ఒంటికి వాడి, నోటికి మాత్రం క్యాను కొంటున్నారు. రోజుకు ఒక 20 లీటర్ల క్యాను, పది రూపాయలే అనుకోండి, నెలకు 300, ఏడాదికి 3,600 పైచిలుకు. ఇంటి దాకా తెచ్చిస్తే ఇంకా ఎక్కువ. అదీ కొన్నిచోట్ల ఆటో వాడ మొదట్లోనే ఆగుతుంది, అక్కడి నుంచి క్యాను మోసుకోవాల్సింది మనమే. 2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ సుజల స్రవంతి పేరుతో రెండు రూపాయలకే 20 లీటర్లన్నారు. మీ ఊళ్ళో ఆ ప్లాంటు తలుపుకు తాళమెప్పుడు పడిందో మీరే చెప్పండి.

యంత్రాలు అమ్మేవాళ్ళ మోసం ఒకటి అందరూ తెలుసుకోవాలి. ఇంటికొచ్చి రెండు గ్లాసులు పెడతారు. ఒకదాంట్లో మన కొళాయి నీళ్ళు, ఇంకోదాంట్లో వాళ్ళ నీళ్ళు. కరెంటు వైరున్న రెండు కడ్డీలు ముంచుతారు. నిమిషంలో మన నీళ్ళు బురదలా, తుప్పులా మారిపోతాయి, వాళ్ళవి తేటగా ఉంటాయి. "చూశారామ్మా మీరు తాగే విషం" అంటారు. ఇంట్లో ముసలమ్మ గుండె బాదుకుంటుంది. ఆ బురద మన నీళ్ళలోది కాదు. ఆ కడ్డీల ఇనుమే కరెంటుకు కరిగి తుప్పు అయింది. ఉప్పు కొంచెం ఉన్న నీళ్ళలో కరెంటు పారుతుంది, ఉప్పు తీసేసిన నీళ్ళలో పారదు, అంతే. ఈసారి వాళ్ళొస్తే వాళ్ళ 'స్వచ్ఛమైన' గ్లాసులోనే చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ కడ్డీలు ముంచమనండి. అదీ బురదే అవుతుంది. బడిలో పిల్లలకు దీన్ని తప్పక చూపించాలని తోటి పంతుళ్ళను కోరుతున్నాం, బ్యాటరీతో చేయండి, గోడ కరెంటు వద్దు.

కాల్షియం, మెగ్నీషియం విషం కాదు, ఒంటికి కావాల్సినవే. కాఠిన్యం వల్ల ముందు పోయేది మన డబ్బు, మన కష్టం. ప్రాణానికి ముప్పు తెచ్చేవి వేరే ఉన్నాయి, ఫ్లోరైడు, నైట్రేటు. ఇవి నాలుకకు తెలియవు, కంటికి కనపడవు. ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే వసతి లేనప్పుడు ఒకటిన్నర. దాటితే పిల్లల పళ్ళ మీద పసుపు, గోధుమ చారలు పడతాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బిగుసుకుంటాయి, నడుం వంగదు. మన దేశంలో ఈ జబ్బును తొలిసారి గుర్తించింది 1937లో, దర్శి, పొదిలి ప్రాంతంలో. ఎనభై ఏళ్ళు దాటింది. నల్గొండ పేరుతోనే పటిక వేసి ఫ్లోరైడు దించే పద్ధతి కూడా కనిపెట్టారు. అయినా మా తరగతి గదుల్లో పిల్లలు నవ్వితే ఆ చారలు కనిపిస్తున్నాయి. ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోండి. మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఇంకోటి, కాల్షియం తక్కువున్న నీళ్ళలోనే ఫ్లోరైడు ఎక్కువగా కరుగుతుంది. కాబట్టి సబ్బు బాగా నురుగొచ్చింది గదా అని బోరు నీళ్ళు మంచివనుకోవద్దు. పరీక్ష చేయించాల్సిందే. నైట్రేటు మురుగు నుంచి, ఎరువుల నుంచి దిగుతుంది, 45 మిల్లీగ్రాములు హద్దు. సీసాపాలు కలుపుకునే పసిబిడ్డలకు అది ప్రాణాంతకం. మురుగుకాలువ పక్కన బోరు ఎవరిదో మళ్ళీ చెప్పాలా?

ఆర్‌వో యంత్రం వీటిని తీస్తుంది, అబద్ధం చెప్పం. కానీ తీసిందంతా చిక్కటి నీళ్ళుగా బయటికి వదులుతుంది. వీధి ప్లాంటు వదిలిన ఆ నీళ్ళు కాలువలో కలిసి పల్లానికి పారి మళ్ళీ నేలలోకే దిగుతాయి. పల్లంలో ఉన్నది మనమే. ఊరందరి ఉప్పు వడగట్టి మన బోర్లలోకి పంపుతున్నారన్నమాట!

ధర్మవరంలో పట్టు అద్దకం చేసే అన్నలను అడగండి. పట్టునూలుకున్న జిగురు పోవాలంటే సబ్బు, సోడా వేసిన నీళ్ళలో ఉడకబెట్టాలి. ఉప్పునీళ్ళయితే నూలుకు తెట్టె పడుతుంది, రంగు మచ్చలు మచ్చలుగా ఎక్కుతుంది, మెరుపు పోతుంది. అందుకని మెత్తటి నీళ్ళు ఎక్కడున్నాయో వెతికి తెచ్చుకుంటారు. హిందూపురం వైపు పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసే చోటా ఇంతే, నీళ్ళు బాగుంటేనే దారం సాఫీగా వస్తుంది. ఫ్యాక్టరీ బాయిలరుకు చెక్కు కడితే పగిలిపోతుందని మెత్తటి నీళ్ళు చేసే యంత్రం పెడతారు. చీరకు కావాలి మెత్తటి నీళ్ళు, బాయిలరుకు కావాలి. వేడినీళ్ళలో చేతులు పెట్టి గూళ్ళు తిప్పే మాదిగక్కకు, ముస్లిం అక్కకు, రంగుతొట్టిలో మోచేతుల దాకా ముంచే తమ్ముడికి ఇంటికి పోతే ఏ నీళ్ళు?

* * *

చట్టాలు లేక కాదు. రాజ్యాంగం 15వ అధికరణంలోనే బావులు, చెరువులు, స్నానఘట్టాలు కులం పేరుతో అడ్డగించరాదని బాబాసాహెబ్ రాయించారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం దళితులు వాడే నీటిని పాడుచేయడం నేరం. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణలో కొళాయి దగ్గర అడ్డుకోవడం కూడా చేరింది. 2013లో ఉపప్రణాళికకు చట్టమే వచ్చింది, దళితుల వాటా డబ్బు దళితుల కోసమే ఖర్చు చేయాలని. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ పల్లెలో ఇంటింటికీ కొళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అంది. పట్నంలో భూగర్భ మురుగు కాలువలుంటే 135, లేకుంటే 70 అని లెక్క. ఈ లీటర్లలో పప్పు ఉడికే లీటర్లెన్ని, సబ్బు నురుగొచ్చే లీటర్లెన్ని అని ఎవరైనా రాశారా? కొళాయి బిగించి ఫోటో తీసుకుంటే కాగితం మీద పని అయిపోయింది.

కాబట్టి మా డిమాండ్లు సూటిగా చెప్తున్నాం. రిజర్వాయరు నీళ్ళు ముందు వాడకు రావాలి, మిగిలింది నడిబొడ్డుకు. తరాల తరబడి తలకిందులుగా నడిచింది, కొన్నేళ్ళు ఇలా నడవనీయండి. రిజర్వాయరు నీళ్ళు చాలనప్పుడు బోరు నీళ్ళను అవే కలిపి అన్ని వార్డులకూ సమానంగా ఇవ్వాలి, ఒక వాడకు మాత్రమే ఉప్పు పంచరాదు. ఉపప్రణాళిక డబ్బు రోడ్లకు, భవనాలకు మళ్ళించకుండా వాడల పైపులైన్లకు పెట్టాలి. ప్రతి బోరు నీటి పరీక్ష ఫలితం, కాఠిన్యం ఎంత, ఫ్లోరైడు ఎంత, నైట్రేటు ఎంత అన్నది తెలుగులో ట్యాంకు గోడ మీద రంగుతో రాయాలి. ఎన్నికల గుర్తులు రాయడానికి దొరికే గోడలు దీనికి దొరకవా? మూతపడ్డ ప్లాంట్లు తెరిచి వాడ ఆడోళ్ళ సంఘాలకు అప్పగించాలి. చెరువుల పూడిక తీయించాలి, ఆక్రమించిన తోటల సంగతి కూడా అప్పుడే తేలుతుంది.

దీనికి మనం చేయాల్సిందీ ఉంది. వచ్చే గ్రామసభకు, వార్డు సభకు ఒక్కో వాడ నుంచి పదిమంది అక్కలైనా పోవాలి. శుభ్రంగా కడిగిన సీసాలో మీ బోరు నీళ్ళు పట్టి, మీద వాడ పేరు, తేదీ రాసి టేబులు మీద పెట్టండి. పరీక్ష చేయించి రాతపూర్వకంగా చెప్పమని అడగండి. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వేయండి. పంచాయతీలో ఫీజు లేదు, మండలంలో అయిదు రూపాయలు, మునిసిపాలిటీకి, జిల్లా ఆఫీసుకు పది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నోళ్ళకు అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు రాయడం రానివాళ్ళు బడి వదిలాక సాయంత్రం మా దగ్గరికి రండి, మేము రాసిపెడతాం. వచ్చేటప్పుడు సీసా కూడా తెచ్చుకోండి.